గడువు తేదీ మరిస్తే మిత్తి రెట్టింపు
కిసాన్ కార్డు అప్పు ఎలా వాడుకోవాలి, ఎప్పుడు కట్టాలి?

మృగశిర కార్తె వచ్చింది. దుక్కులు అయినవాళ్లు విత్తనాల షాపుల ముందు, కానివాళ్లు ట్రాక్టర్ల వెంట తిరుగుతున్నారు. ఈ రెండు చోట్ల కంటే రద్దీ ఇప్పుడు బ్యాంకుల దగ్గరే ఎక్కువ. పోయినేడు తీసుకున్న పంట రుణం తిరగరాసుకుంటే తప్ప ఈ ఏడు పెట్టుబడి చేతికి రాదు. మొన్న ఒక బ్యాంకు ముందు లైన్లో నిలబడ్డ రైతులను 'మీ అప్పు గడువు ఏ తారీఖుతో తీరుతుంది?' అని అడిగాను. పదిమందిలో ఇద్దరే సరిగ్గా చెప్పగలిగారు. మిగతావాళ్లు 'సారు ఫోన్ చేసినప్పుడు వస్తం' అన్నారు. ఎంత తీసుకున్నారో, ఏ షాపులో ఎంత ఉద్దెర ఉందో అందరికీ నోటికి వచ్చు. తారీఖు మాత్రం రాదు. కార్డు అప్పులో నష్టం మొదలయ్యేది అక్కడే.

కిసాన్ క్రెడిట్ కార్డు 1998లో వచ్చింది. ఆర్.వి. గుప్తా కమిటీ చేసిన సిఫార్సు మీద నాబార్డు ఈ పథకాన్ని తయారు చేసింది. ప్రతి పంటకూ మళ్లీ మొదటి నుంచి కాగితాలు పెట్టుకునే బాధ లేకుండా ఒకసారి పరిమితి ఖాయం చేసి, అందులోంచి అవసరానికి తీసుకుని పంట రాగానే కట్టే ఏర్పాటు ఇది. 2012లో నిబంధనలు మార్చారు. పరిమితిని ఐదేళ్లకు కట్టడం, ఏటీఎం కార్డు ఇవ్వడం అప్పటి నుంచి వచ్చాయి. 2018-19 నుంచి పాడి, చేపల పెంపకానికీ విస్తరించారు.

పేరులో క్రెడిట్ కార్డు అని ఉంది కనుక పట్నంలో నౌకరీ చేసేవాళ్ల దగ్గరుండే కార్డు లాంటిదే అనుకునేవాళ్లున్నారు. ఆ కార్డు నెల జీతాన్ని నమ్ముకుని ఇచ్చేది. నెలనెలా బిల్లు వస్తుంది, పూర్తిగా కడితే వడ్డీ ఉండదు. కట్టలేక 'కనీస మొత్తం' మాత్రమే కడుతూ పోతే మిగిలిన బాకీ మీద నెలకు మూడు, మూడున్నర శాతం పడుతుంది. అంటే మన ఊరి లెక్కలో మూడు రూపాయల మిత్తి, మూడున్నర రూపాయల మిత్తి. మన కార్డు పంటను నమ్ముకుని ఇచ్చేది. వడ్డీ తక్కువ, గడువు ఎక్కువ. కానీ ఆ గడువు దాటితే తక్కువ వడ్డీ అనే మాటే ఉండదు.

కార్డులో ఎంత, దేనికి?

జిల్లాలో ఏ పంటకు ఎకరాకు ఎంత పెట్టుబడి అవుతుందో ఒక కమిటీ ఏటా నిర్ణయిస్తుంది. దీన్నే 'స్కేల్ ఆఫ్ ఫైనాన్స్' అంటారు. మీ ఎకరాలను దాంతో హెచ్చిస్తే వచ్చేది పంట సాగు ఖర్చు. దీనిమీద 10 శాతం ఇంటి ఖర్చులకు, పంట కోత తర్వాత అవసరాలకు కలుపుతారు. ఇంకో 20 శాతం మోటారు, పైపులు, పనిముట్ల మరమ్మతులకు కలుపుతారు. పంట బీమా ప్రీమియం దీనికి అదనం.

ఒక లెక్క వేద్దాం. రెండెకరాల పత్తి, ఎకరాకు 45 వేల చొప్పున అనుకోండి. సాగు ఖర్చు 90 వేలు. ఇంటి ఖర్చుకు 10 శాతం అంటే 9 వేలు. మరమ్మతులకు 20 శాతం అంటే 18 వేలు. మొత్తం 1 లక్షా 17 వేలు. రెండో ఏడాది ధరలు పెరుగుతాయని ఇంకో 10 శాతం కలిపితే 1 లక్షా 28 వేల 700. నిబంధన ఇది. చాలా బ్రాంచీల్లో మాత్రం ఎకరాలను స్కేలుతో హెచ్చించి అక్కడితో ఆపుతున్నారు. మీ పరిమితి ఎలా కట్టారో ఫీల్డ్ ఆఫీసర్‌ను అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు, అది మీ లెక్క.

ఈ లెక్కలో అసలు గమనించాల్సింది ఆ 9 వేలు. రెండెకరాల పత్తి మోయగల ఇంటి అప్పు ఏడాదికి అంతేనని ఈ లెక్క అర్థం. ఆ 9 వేలతో ఇంటిల్లిపాదికి ఏడాది గడవదని నాకూ తెలుసు, మీకూ తెలుసు. పిల్లల ఫీజులు, ఆస్పత్రి, పెళ్లిళ్లలో కట్నకానుకలు, చేతిలో ఫోన్లు, అన్నీ ఉన్నాయి. కానీ కార్డులోంచి 50 వేలు తీసి ఇంటికి వాడితే, ఆ 50 వేలు చేనులో పడలేదు కనుక చేను వాటిని తిరిగి ఇవ్వదు. మందుల షాపులో ఉద్దెర పెట్టాల్సి వస్తుంది. అప్పుడు పంటకు తీసుకున్న చౌక అప్పు ఇంటికి, ఇంటికి తీసుకోవాల్సిన ఖరీదైన అప్పు పంటకు పోయినట్టు.

ఉద్దెర ఖరీదైనది అంటే కొందరు ఒప్పుకోరు. 'మా సేటు మిత్తి తీసుకోడు' అంటారు. ఆయన రేటులోనే తీసుకుంటాడు. నగదుకు వెయ్యి రూపాయలకు ఇచ్చే మందు డబ్బా ఉద్దెరకు 1,150 రాసి ఆరు నెలలకు వసూలు చేస్తే ఏడాదికి 30 శాతం వడ్డీ అయింది. ఆపైన పత్తి ఆయనకే తూకం వేయాలి. క్వింటాలుకు వంద తగ్గించినా నోరెత్తలేం.

నాలుగు శాతమా, ఏడు శాతమా, ఆపైనా?

పంట రుణం 3 లక్షల వరకు వడ్డీ 7 శాతం. కేంద్ర ప్రభుత్వం బ్యాంకుకు కొంత వడ్డీ భరిస్తుంది కనుక ఈ రేటు. గడువు లోపల మొత్తం కట్టినవాళ్లకు ఇంకో 3 శాతం ప్రోత్సాహకం వస్తుంది. అంటే చివరకు మీమీద పడేది 4 శాతం. 3 లక్షల పరిమితిని 5 లక్షలకు పెంచుతామని 2025 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించారు. రెండు మూడెకరాల మనలాంటి వాళ్లకు దాంతో పెద్ద పని లేదు.

లక్ష రూపాయలకు లెక్క చూడండి. గడువులో కడితే ఏడాదికి వడ్డీ 4 వేలు. ముందుగా 7 వేలు కట్టించుకుని ఆ 3 వేలు తర్వాత మీ ఖాతాలో జమ చేయడం మామూలు. గడువు ఒక్కరోజు దాటినా ఆ 3 వేలు పోతాయి. అంతటితో ఆగదు. గడువు దాటిన రోజు నుంచి రాయితీ వడ్డీ ఉండదు, బ్యాంకు తన మామూలు వడ్డీ వేస్తుంది. అది 9, 10 శాతం, బ్యాంకును బట్టి ఇంకా పైన కూడా ఉండవచ్చు. 4 శాతం కాస్తా రెట్టింపు దాటింది కదా. పైగా గడువులో ఉన్నంతకాలం పంట రుణానికి వడ్డీ మీద వడ్డీ వేయకూడదు. గడువు దాటాక వడ్డీని అసలులో కలుపుకోవచ్చు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి. ఆలస్యానికి జరిమానాగా వేసే రుసుము మీద మళ్లీ వడ్డీ వేయకూడదని రిజర్వు బ్యాంకు 2023 ఆగస్టులో ఆదేశించింది. 2024 నుంచి ఇది అమలులో ఉంది. స్టేట్‌మెంట్ తీసుకుని చూస్తే అలాంటివి బయటపడతాయి.

తక్కువ కాలపు పంటలకు తీసుకున్న రుణం రెండు పంట సీజన్లు దాటి బాకీ ఉంటే బ్యాంకు దాన్ని మొండి బాకీల్లో రాస్తుంది. ఆ ఖాతాలో ఇక కొత్త రుణం రాదు. సిబిల్ వంటి సంస్థల రికార్డులోకి కూడా ఎక్కుతుంది. 'మనకేం, మనం ఇంకో లోను అడగం' అనుకోవద్దు. బిడ్డకు ఇంజినీరింగ్ సీటు వచ్చి విద్యా రుణానికి పోతే అక్కడ తండ్రి సంతకం కావాలి, తండ్రి పేరు మీద బాకీ ఉందా అని చూస్తారు. ఎప్పటిదో పాత పంట రుణం అప్పుడు బయటపడి, కౌన్సెలింగ్ ఫీజు కట్టే గడువు ముందు పెట్టుకుని తండ్రి ఊరంతా చేబదుళ్లకు తిరిగిన ఇళ్లు నాకు తెలుసు.

తిరగరాయడానికి బయట అప్పు

ఇది నేను చేసిన తప్పే కనుక కాస్త వివరంగా రాస్తాను.

2017 ఖరీఫ్‌లో మూడెకరాలు పత్తి వేశాను. కార్డు మీద లక్ష తీసుకున్నాను. ఆ ఏడు గులాబీ రంగు పురుగు ఎంత చేసిందో పత్తి రైతులకు చెప్పనక్కర్లేదు. మొదటి రెండు ఏరుళ్లు బాగానే వచ్చాయి, తర్వాత కాయ పగిలితే లోపల పురుగే. అయినా జనవరి నాటికి అమ్మిన పత్తి మీద చేతిలో 40 వేలు మిగిలాయి. అప్పు గడువు జూన్‌లో కదా, అప్పటికి చూద్దాం అనుకున్నాను. ఆ 40 వేలకు ఇంకో పది కలిపి పాత మోటారు సైకిల్ కొన్నాను. బండి అవసరమే, రిపోర్టర్ పనికి అది లేక కాదు. కానీ అది పత్తి డబ్బు కాదు, బ్యాంకు డబ్బు.

జూన్ వచ్చింది. కట్టాల్సింది 1 లక్షా 7 వేలు. చేతిలో లేదు. మా ఊళ్లో అందరూ చేసే పనే నేనూ చేశాను. మూడు రూపాయల మిత్తికి 1 లక్షా 7 వేలు తెచ్చి బ్యాంకులో కట్టాను. 'వారం రోజులే సార్, మళ్లీ లోను పడగానే ఇచ్చేస్తా' అని ఆయనకు మాటిచ్చాను. బ్యాంకులో మా ఫీల్డ్ ఆఫీసర్‌కు బదిలీ అయింది. కొత్తాయన వచ్చి, కాగితాలు మళ్లీ చూసి, లోను పడేసరికి 38 రోజులు. వడ్డీ వ్యాపారి దగ్గర 38 రోజులంటే రెండు నెలలే. మిత్తి 6,420 రూపాయలు.

గడువులో కట్టినందుకు నాకు వచ్చిన ప్రోత్సాహకం 3 వేలు. ఆ 3 వేల కోసం 6,420 పెట్టాను. తిరిగిన తిరుగుళ్లు, పోయిన కూలి దీనిలో లేదు. అంతా సక్రమంగా జరిగి వారంలోనే లోను పడినా, వడ్డీ వ్యాపారి నెల మిత్తి తీసుకుంటాడు. అది 3,210. అప్పుడు కూడా ప్రోత్సాహకం అంతా ఆయనకే పోయి, ఇంకో 210 చేతి నుంచి పడేది.

మరి కట్టకుండా వదిలేయాల్సిందా? కాదు. వదిలేస్తే వడ్డీ పెరుగుతుంది, ఖాతా చెడిపోతుంది. ఆ పరిస్థితి వచ్చాక రెండూ నష్టమే, బయట అప్పు తెచ్చినా ఖాతా నిలబడుతుందన్న మాట కూడా నిజమే. కానీ తప్పు జూన్‌లో జరగలేదు, జనవరిలో జరిగింది. ఆ 40 వేలు జనవరిలోనే కార్డులో కట్టి ఉంటే ఐదు నెలల వడ్డీ దాదాపు 1,170 తగ్గేది. జూన్‌లో కావాల్సింది 66 వేల లోపే. అంత చిన్న మొత్తమైతే సగం ఇంట్లోనే, బంధువుల దగ్గరే సర్దుబాటయ్యేది. ఎవరి దగ్గరా పుట్టక మొత్తం మిత్తికే తెచ్చుకున్నా, రెండు నెలలకు 4 వేలు దాటేది కాదు.

కాబట్టి తిరగరాసుకునేవాళ్లు రెండు పనులు చేయాలి. గడువుకు నెల ముందే బ్రాంచికి పోయి, కొత్త రుణం మంజూరుకు కావాల్సిన కాగితాలన్నీ ముందే ఇచ్చి సంతకాలు పూర్తి చేయాలి. పాత బాకీ కట్టిన తర్వాత ఎన్ని రోజుల్లో మళ్లీ పడుతుందో మేనేజర్‌ను అడగాలి. 'కట్టండి, చూద్దాం' అంటే ఆ రోజు కట్టొద్దు. అదే రోజు లేదా మర్నాడు పడుతుందని తేల్చుకున్నాకే బయటి నుంచి తెచ్చిన డబ్బు కౌంటర్లో పెట్టండి. మార్చి చివర, జూన్ చివర బ్రాంచీల్లో రద్దీ ఉంటుంది, ఆ వారాల్లో పెట్టుకోవద్దు.

పట్టీ వచ్చిన రోజే కట్టండి

కార్డు ఖాతాలో వడ్డీ రోజువారీ బాకీ మీద పడుతుంది. గడువు జూన్ అయినా డిసెంబర్లో కట్టకూడదని ఎవరూ అనలేదు. పత్తి అమ్మి పట్టీ తెచ్చుకున్న రోజు, ధాన్యం డబ్బు ఖాతాలో పడ్డ రోజు, అప్పటికప్పుడు కార్డు ఖాతాలోకి మార్చండి. 60 వేలు ఆరు నెలల ముందు కడితే 7 శాతం లెక్కన 2,100 రూపాయల వడ్డీ మిగులుతుంది. సేవింగ్స్ ఖాతాలో ఉంచితే అందులో సగం కూడా రాదు. ఇంట్లో ఉంచితే ఏమవుతుందో నా మోటారు సైకిల్ కథ చెప్పింది.

'కట్టేస్తే మళ్లీ అవసరానికి ఇస్తారా?' అని మీకు అనుమానం రావొచ్చు. పథకం ప్రకారం ఐదేళ్లపాటు పరిమితిలోపు ఎన్నిసార్లైనా తీయవచ్చు, కట్టవచ్చు. తీసిన ప్రతి మొత్తమూ 12 నెలల్లోపు కట్టాలి, అంతే. కానీ కొన్ని బ్రాంచీల్లో ఖాతాను అలా నడపరు. ఒకసారి ఇచ్చి, ఒకసారి కట్టించుకునే మామూలు రుణంలా నడుపుతారు. అందుకని కట్టే ముందే 'రబీకి మళ్లీ తీసుకోవచ్చా, కార్డు ఏటీఎంలో పనిచేస్తుందా' అని అడిగి తెలుసుకోండి. కార్డు రాకుంటే దరఖాస్తు ఇచ్చి తీసుకోండి. కార్డు చేతిలో ఉన్న రైతు పెట్టుబడి మొత్తం జూన్‌లోనే తీసి ఇంట్లో పెట్టుకోనక్కర్లేదు. విత్తనాలకు ఇంత, మొదటి దఫా ఎరువుకు ఇంత, కైకిలికి ఇంత అని తీసుకుంటే తీయని డబ్బుకు వడ్డీ ఉండదు.

పూచీకత్తు గురించి కూడా తెలుసుకోవాలి. 2025 జనవరి 1 నుంచి 2 లక్షల వరకు వ్యవసాయ రుణాలకు భూమి తనఖా, పూచీ అడగకూడదని రిజర్వు బ్యాంకు చెప్పింది. అంతకు ముందు ఇది లక్షా 60 వేలు. కౌలు రైతులు కూడా పథకంలో అర్హులే, కాగితం మీద. బ్యాంకులకు పోతే పట్టా పాసు పుస్తకం అడుగుతున్నారు. కౌలు రైతులు నలుగురైదుగురు కలిసి ఉమ్మడి బాధ్యత గ్రూపుగా అడిగితే కొన్ని చోట్ల దొరుకుతోంది.

కిస్తీలకు నెలకోసారి, పంటకు ఏడాదికోసారి

ఈ అయిదారేళ్లలో మన ఊళ్లలో అప్పు రూపం మారింది. ఇదివరకు వడ్డీ వ్యాపారి, షాపు సేటు, బ్యాంకు. ఇప్పుడు ఫోన్ కిస్తీ, బండి కిస్తీ, టీవీ కిస్తీ, ఆడవాళ్ల పేరు మీద మైక్రో ఫైనాన్స్ వారం కిస్తీ, ఫోన్లోనే ఇచ్చే యాప్ అప్పు. వీటన్నిటిలో ఒకటే చిక్కు. ఇవి నెలకో, వారానికో కట్టాల్సినవి. మన డబ్బు పత్తి ఏరినప్పుడు, వడ్లు అమ్మినప్పుడు వస్తుంది. జూన్ నుంచి అక్టోబర్ దాకా చేతి నుంచి పోయేదే తప్ప వచ్చేది లేదు. ఆ ఐదు నెలల కిస్తీలు ఎక్కడి నుంచి కడతారో ముందు తేల్చుకోకుండా సంతకం పెట్టొద్దు. పాలు పోసే ఇల్లు, కూలి వచ్చే ఇల్లు, నెల జీతం ఒక్కటైనా ఉన్న ఇల్లు అయితే వేరు.

బండి షోరూంలో '12 శాతమే' అంటారు. అది ఫ్లాట్ వడ్డీ. 50 వేలు రెండేళ్లకు ఇస్తే వడ్డీ 12 వేలు, మొత్తం 62 వేలు, 24 కిస్తీలు, నెలకు దాదాపు 2,583. మొదటి నెల నుంచే మీరు అసలు తీరుస్తూ వస్తున్నా వడ్డీ మాత్రం పూర్తి 50 వేల మీద వేశారు. తగ్గే బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి ఇరవై ఒకటిన్నర శాతం దాకా అవుతుంది. రెండు రూపాయల మిత్తికి కొంచెం తక్కువ. ఫోనుకు 'వడ్డీ లేని కిస్తీ' అన్నచోట ప్రాసెసింగ్ చార్జీ చూడండి, నగదుకు ఇచ్చే తగ్గింపు ఎంతో అడగండి. వడ్డీ అక్కడ దాక్కుని ఉంటుంది.

కిస్తీ రోజున ఖాతాలో డబ్బు లేకపోతే బ్యాంకు ఒక కోత, ఫైనాన్స్ వాళ్లు ఒక కోత వేస్తారు. పీఎం కిసాన్ 2 వేలు పడ్డ రోజే ఇలా పాత కోతలకు పోయినవాళ్లున్నారు. కిస్తీల ఆటో కోతకు పంట డబ్బు పడే ఖాతా ఇవ్వకండి, వేరే ఖాతా పెట్టుకోండి.

2024 అక్టోబర్ 1 నుంచి ఇలాంటి ప్రతి అప్పుకూ ముందుగా ఒక వివరాల పత్రం ఇవ్వాలి. వడ్డీ, చార్జీలు అన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతమో అందులో ఒకే అంకెగా ఉండాలి. అప్పు తీసుకునేవాళ్లకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. తెలుగులో ఇవ్వమని అడగండి.

యాప్ అప్పుల జోలికి పోవద్దు, ఒక్కమాటలో. 2020 చివర్లో మన రాష్ట్రంలో ఈ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ తర్వాత 2022 సెప్టెంబర్లో రిజర్వు బ్యాంకు నిబంధనలు పెట్టింది. ఫోన్లోని నంబర్లు, ఫొటోలు తీసుకోకూడదు, డబ్బు నేరుగా మీ ఖాతాలోకే రావాలి. నంబర్లు అడిగే యాప్ అంటేనే అది దొంగ యాప్ అని గుర్తు. మీ పిల్లవాడు తెలియక తీసుకుని ఇరుక్కుంటే వాణ్ని తిట్టడం తర్వాత, ముందు 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఇంట్లో భయపడి చెప్పకపోవడం వల్లే ఘోరాలు జరిగాయి.

బంగారం కుదువ పెట్టడం వీటికంటే మేలు, అదీ బ్యాంకులో. అసలు కట్టేసిన తర్వాత బంగారం ఏడు పని దినాల్లోపు ఇవ్వాలి, వాళ్ల తప్పుతో ఆలస్యమైతే రోజుకు 5 వేల చొప్పున పరిహారం ఇవ్వాలి. 2026 ఏప్రిల్ 1లోగా దీన్ని అమలు చేయాలని రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో ఆదేశించింది.

ఇక ప్రామిసరీ నోటు. మూడు రూపాయల మిత్తికి 50 వేలు తెచ్చి, కట్టలేక ఏటా మిత్తి కలిపి నోటు తిరగరాస్తే మొదటి ఏడాదికి 68 వేలు, రెండో ఏడాదికి 92,480, మూడో ఏడాదికి 1 లక్షా 25 వేలు దాటుతుంది. నోటు మార్చిన ప్రతిసారీ పాతది చింపించుకోండి. కట్టిన ప్రతి రూపాయీ నోటు వెనక రాయించుకోండి.

మాఫీ వస్తుందని ఆగేవాళ్లకు

2008లో కేంద్రం, 2014లో రెండు రాష్ట్రాలు, 2018, 2024లో తెలంగాణ రుణమాఫీ ప్రకటించాయి. మేలు జరిగింది, కాదనలేం. 2024లో 2 లక్షల వరకు మాఫీ అయిన ఇళ్లు మన మండలాల్లో చాలా ఉన్నాయి. కానీ ఎన్నికల మాట విని కట్టడం ఆపినవాళ్ల సంగతి చూడండి. 2018 డిసెంబర్ 11 నాటి లక్ష లోపు బాకీల మాఫీ విడతలు విడతలుగా 2023 దాకా సాగింది. ఆ అయిదేళ్లూ వడ్డీ ఆగలేదు. మాఫీ తేదీలను ప్రభుత్వం నిర్ణయిస్తుంది, 2024 మాఫీకి 2018 డిసెంబర్ 12 నుంచి 2023 డిసెంబర్ 9 మధ్య తీసుకున్న, తిరగరాసుకున్న రుణాలనే లెక్కలోకి తీసుకున్నారు. అంటే సక్రమంగా తిరగరాసుకుంటూ వచ్చినవాళ్లకూ వర్తించింది. మాఫీ కోసం ఎగ్గొట్టాల్సిన పని లేదని దీన్నిబట్టే తెలుస్తుంది.

పంట పోయిన ఏడు

వానలు ఎగ్గొట్టో, వరదకు మునిగో పంట నిజంగా పోతే దాక్కోవద్దు. ప్రభుత్వం మీ మండలాన్ని కరువు మండలంగానో, వరద ప్రాంతంగానో ప్రకటిస్తే పంట రుణం గడువు పొడిగించి, కొన్నేళ్ల కిస్తీలుగా మార్చమని బ్యాంకును అడిగే హక్కు మీకుంది. గడువు దాటకముందే దరఖాస్తు రాసి ఇవ్వాలి. నోటిమాటగా చెప్పి రావొద్దు. రెండు కాపీలు రాసి ఒకదానిమీద బ్యాంకు ముద్ర, తారీఖు వేయించుకుని ఇంటికి తెచ్చుకోండి. ముద్ర వేయమంటే విసుక్కుంటారు, అయినా వేయించుకోండి.

బ్యాంకు ముప్పై రోజుల్లో జవాబివ్వకపోయినా, ఇచ్చిన జవాబు సరిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. ఖర్చేమీ లేదు. 14448 నంబరుకు ఫోన్ చేస్తే ఎలా పెట్టాలో చెబుతారు.

రాజీ పేరుతో బ్యాంకు కొంత తగ్గించి కట్టించుకుంటే బాకీ తీరుతుంది గాని రికార్డులో 'సెటిల్డ్' అని పడుతుంది. పూర్తిగా కట్టినట్టు కాదు. మళ్లీ రుణం కావాలనుకునేవాళ్లు సంతకం పెట్టే ముందు ఈ సంగతి ఆలోచించుకోవాలి. మీ పేరు మీద ఏమేం బాకీలున్నాయో చూపే నివేదికను సిబిల్ వంటి ప్రతి సంస్థా ఏడాదికి ఒకసారి ఉచితంగా ఇవ్వాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలకు చెబితే ఫోన్లో తీసిస్తారు. మీరు తీసుకోని అప్పు మీ పేరు మీద ఉందేమో కూడా అందులో తెలుస్తుంది.

బ్యాంకుకు పోయినప్పుడు

పాసు పుస్తకంలో ఎంట్రీలు వేయించుకుని కౌంటర్ దగ్గరే చదువుకోండి, చదువు రాకపోతే మీ పిల్లల్ని వెంట తీసుకుపొండి. ఏడాదికి 20 రూపాయలు, 436 రూపాయలు కోసి ఉంటే అవి ప్రధానమంత్రి ప్రమాద బీమా, జీవిత బీమా. అవి ఉండటం మంచిదే, నామినీ పేరు రాయించారా చూడండి. అంతకంటే పెద్ద మొత్తాలు, వేలల్లో, ఏదో పాలసీ పేరుతో కోసి ఉంటే ఎందుకని అడగండి. లోను ఇవ్వాలంటే పాలసీ తీసుకోవాల్సిందే అని ఎవరైనా అంటే అది నిబంధన కాదు. పంట బీమా కూడా 2020 ఖరీఫ్ నుంచి రుణం తీసుకున్నవాళ్లకు ఐచ్ఛికమే. వద్దనుకుంటే చివరి తేదీకి ఏడు రోజుల ముందు రాసివ్వాలి. కావాలనుకుంటే ప్రీమియం నిజంగా కోశారా, ఏ పంటకు కోశారు అన్నది చూసుకోవాలి. మిర్చి వేసి పత్తికి ప్రీమియం కడితే నష్టం వచ్చినరోజు ఏమీ రాదు.

తర్వాత మేనేజర్‌ను రెండే అడగండి. నా అప్పు ఏ తారీఖులోపు కట్టాలి, ఆ రోజుకు మొత్తం ఎంత అవుతుంది. ఆ తారీఖును ఫోన్లో కాదు, ఇంట్లో గోడకున్న క్యాలెండర్ మీద ఎర్ర పెన్నుతో చుట్టండి. ఇంటావిడకూ చెప్పండి. పోయినేడు 3 శాతం ప్రోత్సాహకం జమ అయిందా అని కూడా అదే రోజు చూడండి. గడువులో కట్టినా జమ కాకపోతే కట్టిన రసీదు చూపించి దరఖాస్తు ఇవ్వండి. నాకు ఒక ఏడాది అలా పడలేదు, అడిగిన రెండు నెలలకు పడింది.